మావ పెట్టిన రెండో పొయ్యి

విడిపోని మొగుడూ పెళ్లాలను కలిపినవాడు మా శ్రీకాకుళం జిల్లా మొత్తంలో నేనొక్కడినే. విడిపోయినవాళ్లను కలపడం ఎవరైనా చేస్తారు. కాస్త పెద్దరికం, కొంచెం గొంతు ఉంటే సరిపోతుంది. శుభ్రంగా కలిసి ఉన్నవాళ్లను పట్టుకుని మళ్లీ కలపాలంటే మాత్రం అసాధారణమైన తెలివి కావాలి. ఆ తెలివి నాకు పుట్టుకతోనే వచ్చిందని మా ఆవిడ అంటుంది. పెళ్లికి ముందు ఇంత లేదని మా అమ్మ అనేది.

కాశీబుగ్గలో నాకొక అచ్చాఫీసు ఉంది. ముందు గదిలో మిషన్లు, వెనక గదుల్లో మేము. ఒకప్పుడు పెళ్లిపత్రికలు అచ్చువేసేవాణ్ణి, ఇప్పుడు ఫ్లెక్సీలు వేస్తున్నాను. అక్షరాలు పెద్దవయ్యాయి, అచ్చుతప్పులు కూడా రైలుగేటు దాకా కనబడేంత పెద్దవయ్యాయి. మొన్నొక ఉదయం ఇద్దరు కుర్రాళ్లు వచ్చి "డేటా సెంటర్ మాకొద్దు" అని ఒక ఫ్లెక్సీ చెప్పి వెళ్లారు. వాళ్లు సందు మలుపు తిరిగారో లేదో, తెల్లచొక్కా ఆయన ఒకరొచ్చి "డేటా సెంటర్‌కు స్వాగతం, సుస్వాగతం" అని ఇంకొకటి చెప్పారు. రెండూ ఒకే మిషను మీద, ఒకదాని వెనక ఒకటి దిగాయి. మిషనుకు అభిప్రాయాలు ఉండవు, అందుకే నాకంటే అది నయం. రెండింటినీ పక్కపక్కన ఆరబెట్టి చూస్తుంటే మావ గుర్తొచ్చాడు. ఉండి ఉంటే ఆ రెండింటి మధ్య నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి విదిలించి, "ఇయ్యన్నీ సరే గాని అల్లుడా, ఈ మిసను ఎంత కరెంటు తాగతంది?" అనేవాడు.

మావ నాకు చుట్టం కాదు. మా సందులో ఎదురింటాయన. ఊళ్లో సగంమందికి మావ, మిగతా సగంమందికి బావ. పేరు పెట్టి పిలిచేవాడు కరెంటు బిల్లు తీసే మనిషి ఒక్కడే. అందుకేనేమో మావకు తన పేరంటే గిట్టేది కాదు. నేనూ ఇక్కడ రాయడం లేదు.

వాళ్లకు అక్కుపల్లి వైపు జీడితోట ఉండేది, మధ్యలో కొబ్బరిచెట్లు. తిత్లీ తుపాను వచ్చినప్పుడు తోటంతా ఒకే దిక్కుకు తలపెట్టి పడుకుంది. జీడిమొక్క మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు కావాలి, ఆకలి అన్నేళ్లు ఆగదు. అత్త తన మెడలోది అమ్మి పెద్ద గ్రైండరు ఒకటి కొంది. మినప్పప్పు నానబెట్టి, రుబ్బి, టిఫిను బళ్లకు పిండి పోయడం మొదలెట్టింది. మావ ఆ పిండి బకెట్లను మోపెడ్ ముందు పెట్టుకుని, మోకాళ్లతో పట్టుకుని, కాశీబుగ్గ బస్టాండు దాకా, పలాస స్టేషను దాకా తిప్పేవాడు. ఒంట్లో ఎప్పుడూ పుల్లటి వాసన. "సెంటు కొట్టుకోకపోతే ఏటి, ఇడిలీ కొట్టుకున్నాను" అనేవాడు.

ఆ గ్రైండరు ఆగకూడదు. తోట పోయాక మావకు మిగిలిన పట్టుదల అదొక్కటే. దానికి ఉన్న శత్రువు కూడా ఒక్కటే, గుమ్మం పక్కన గోడకు వేలాడే మీటరు.

మీటరు ముందు మావ నిలబడే తీరు చూడవలసిందే. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ వంచి, ఆ ఎర్రదీపం మిణుకుమిణుకుమనడం చూసేవాడు. "సూడు, ఎలగ కన్ను కొడతందో. దీని సూపు నా మొకం మీద కాదు, నా జేబు మీద" అనేవాడు. ఇంట్లో కరెంటు వస్తువులన్నింటికీ వరసలు కలిపాడు. ఫ్యాను పాత పాలేరు: ఎంత తిప్పినా అదే కూలి. గ్రైండరు కోడలు: అరుస్తుంది గాని ఇల్లు నడుపుతుంది. ఏసీ వియ్యపురాలు: వేసవిలో వస్తుంది, వచ్చినన్నాళ్లూ తలుపులు మూసి మర్యాద చెయ్యాలి; కాబట్టి పిలవనే పిలవలేదు. ఇక ఫ్రిజ్ ఇల్లరికపుటల్లుడు. "పగలూ రాత్రీ మూల నిలబడి తింతాడు, గుర్రుమంతాడు, సల్లగా ఉంచాల. పొలానికి మాత్రం రాడు."

"నన్ను కూడా అల్లుడనే పిలుస్తావు గదా మావా" అంటే, "నివ్వు వట్టి అల్లుడివి. నీ తిండి నీదే" అని ఊరడించేవాడు.

తన ఇంట్లో దీపాలు ఆర్పడం ఎవరైనా చేస్తారు. మావ ఎవరింటికి వెళ్లినా ఆర్పేవాడు. పెళ్లిపందిట్లో పగటిపూట వెలిగే రంగుదీపాలు ఆర్పి పెళ్లికొడుకు మేనమామతో తగువుపడ్డాడు. ఒకసారి నేను మా స్నానాలగదిలో ఉండగా దీపం ఆరిపోయింది.

"లోపల ఉన్నాను మావా!"

"ఉన్నావని తెలుసు. నీకేటి, ఆడ పేపరు సదవాలా?"

అలాంటి మనిషి చెవిన డేటా సెంటర్ మాట పడింది. ఉద్దానం ఒడ్డున ఎక్కడో స్థలం చూస్తున్నారని, కొలతలు వేశారని, వేయలేదని, వేసినవాళ్లు వేరే పనికి వచ్చినవాళ్లని టీ బడ్డీ దగ్గర రోజుకో కబురు. డేటా సెంటర్ అంటే ఏమిటో మాలో ఎవరికీ సరిగ్గా తెలీదు. నాకు మాత్రం తెలుసుననుకున్నాను. అదే నా జబ్బు.

"మన ఫోన్లలో ఫోటోలు, వీడియోలు ఉంటాయి గదా మావా, అవన్నీ దాచే గోదాం అది" అని చెప్పాను.

"జీడిపిక్కల గోదాం లాగా?"

"అలాగే. కాకపోతే అది వేడెక్కిపోతుంది. ఎప్పుడూ చల్లగా ఉంచాలి. రాత్రీ పగలూ కరెంటు ఉండాలి."

మావ టీ గ్లాసు కింద పెట్టాడు. "పొలానికొత్తాదా?"

"ఏది?"

"అదే. పగలూ రాత్రీ తింతాది, సల్లగా ఉంచాలంతన్నావు. ఇల్లరికపోడే గదేటి అది! ఇంటికొక్కడుంటేనే బిల్లు మోయలేక సత్తన్నాం. జిల్లాకంతటికీ ఒకడా?"

టీ బడ్డీ అంతా నవ్వింది. నేను నవ్వలేదు, ఎందుకంటే అప్పటికే ఎవరూ అడక్కుండా "డేటా సెంటర్‌కు స్వాగతం" అని నా సొంత ఖర్చుతో ఒక ఫ్లెక్సీ వేసి, మూలన నా ఫోటో పెట్టి, సందు మొదట్లో కట్టాను. ఉద్యోగాలొస్తాయి, ఉద్యోగాలొస్తే పెళ్లిళ్లవుతాయి, పెళ్లిళ్లయితే ఫ్లెక్సీలవుతాయి. నా ఆర్థికశాస్త్రం అక్కడితో సంపూర్ణం.

మావ ఆర్థికశాస్త్రం వేరు. బిల్లులో శ్లాబులుంటాయి. ఇంటి మీది శ్లాబు ఎండ ఆపుతుంది, బిల్లులోని శ్లాబు ఊపిరి ఆపుతుంది. వాడకం ఒక గీత దాటితే ఆపైన ప్రతి యూనిట్టుకూ రేటు పెరుగుతుంది. అత్త గ్రైండరు ప్రతి నెలా వాళ్లింటిని ఆ గీత దాటించేది. "ఆ పెద్దల్లుడు దిగకముందే మనం కింద మెట్టుకి దిగిపోవాల. దిగినాక ఆడి తిండి కరుసు ఎవులి మీద రాత్తారో ఎవులికెరుక" అని మావ గొణగడం విన్నాను. ఎలా దిగుతాడో నాకు చెప్పలేదు. నాకు చెబితే అది కరెంటు కంటే వేగంగా కరెంటాఫీసుకు చేరుతుందని ఆయన నమ్మకం. అది అన్యాయమని అనలేను.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. అన్నదమ్ములు వేరుపడ్డారని ఊరికి ముందుగా చెప్పేది పొయ్యి. ఒకే చూరు కింద రెండో పొయ్యి రాజుకుందంటే ఆ ఇల్లు రెండైనట్టే. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. మళ్లీ కలిస్తే పెద్దమనిషి ఎవరో వచ్చి రెండో పొయ్యిలో నీళ్లు పోస్తాడు.

ఒక ఉదయం అచ్చాఫీసు తలుపు తీస్తే ఎదురింటి అరుగు మీద పొగ. మూడు ఇటుకలు, మీద గిన్నె, ముందు మావ గొంతుక్కూర్చుని ఊదుగొట్టంతో ఊదుతున్నాడు. కళ్లనిండా నీళ్లు. లోపల్నుంచి అత్త కుక్కరు ఈల వినిపిస్తోంది.

"ఏటి మావా ఇది?"

"వంట."

"అత్తకి ఒంట్లో బాగోలేదా?"

"దాని వంట అది సేసుకుంతంది. నా వంట నాను సేసుకుంతన్నాను."

"అంటే?"

మావ అటూ ఇటూ చూశాడు. "అంతే" అన్నాడు.

పెరటివైపు పరిగెత్తాను. అత్త గ్రైండరు దగ్గర ఉంది. "అత్తా, ఏటి జరిగింది? నాతో చెప్పు" అన్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాను. నా కళ్లూ చెమర్చాయి.

ఆ పూట నాకు అన్నం సహించలేదు. ఇంతకాలం పిండీ నీళ్లలా కలిసి ఉన్న మనుషులు! "మీకెందుకండీ" అని మా ఆవిడ అంటూనే ఉంది. నేను బజారుకెళ్లి ఒక చీర, రెండు పూలదండలు, లడ్డూలు తెచ్చాను. పెళ్లిపత్రికలు రాసిన చేత్తో ఒక మంచి ఉపన్యాసం కూడా రాసుకున్నాను. మంచిరోజు చూసుకుని వెళ్దామనుకుంటుండగా, మర్నాడే ఎదురింటి అరుగు మీద కొత్త మనిషి కనబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. మావ కుర్చీ వేశాడు. అత్త గుమ్మం పక్కన నిలబడింది. గాలివాటున మాట వినిపించింది.

"అయితే మీరిద్దరూ వేరువేరుగా ఉంటున్నారన్నమాట."

"అవును బాబూ."

"వంటలు కూడా వేరేనా?"

"వంటలు, తిండి, అంతా ఏరే."

లాయరు! విషయం విడాకుల దాకా వచ్చింది! చీర, దండలు, లడ్డూలు పట్టుకుని ఒక్క దూకులో సందు దాటాను. "ఆగండి సార్, ఇది తొందరపడే విషయం కాదు" అని అరిచాను.

"అల్లుడా, నివ్వు ఇంటికెళ్లు" అన్నాడు మావ.

"వెళ్లను మావా! ఈ రోజు నేను వెళితే ఈ ఇల్లు నిలబడదు."

"నీకు దండం ఎడతాను. నోరు ముయ్యి."

"నోరు మూసుకోవడం వల్లే కదా ఇంతదాకా వచ్చింది!"

ఉపన్యాసం మొదటి వాక్యం తప్ప అంతా మరిచిపోయాను. బిందెడు నీళ్లు ఎత్తి రెండో పొయ్యిలో కుమ్మరించాను. బూడిద లేచి ఆ పెద్దమనిషి ఇస్త్రీ చొక్కా మీద వాలింది. అత్త చెయ్యి పట్టుకుని తెచ్చి మావ చేతిలో పెట్టాను. ఇద్దరి మెడల్లో దండలు వేశాను. "వీళ్లకు ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ఒకే కాపురం సార్. ఇకమీదట వేరుపడితే నన్నడగండి. నాదీ పూచీ!"

ఆయన చొక్కా దులుపుకుని, ఫైలు మూసి, చాలా నెమ్మదిగా అన్నాడు: "అలాగైతే మీటరు కూడా ఒకటే చాలు గదండీ."

"మీటరేమిటి?"

"నేను కరెంటాఫీసు నుంచి వచ్చాను. వీళ్లు రెండో మీటరు అడిగారు. వంటగది వేరుగా ఉందో లేదో చూసి వెళ్దామని..."

నేను మావ వంక చూశాను. వాడకాన్ని రెండు మీటర్ల మధ్య పంచితే రెండూ గీత కిందే ఉంటాయి; మావ దిగబోయిన కింద మెట్టు అదన్నమాట. మావ దండలోంచి ఒక బంతిపువ్వు తెంపి దాన్నే చూస్తున్నాడు. అత్త ఇక ఆపుకోలేకపోయింది. కొంగు, నోరు, భుజాలు అన్నీ ఒకేసారి నవ్వాయి. కిందటిసారి కూడా అది నవ్వేనని అప్పుడు అర్థమైంది.

ఆయన వెళ్లిపోయాక మావ తడిసిన ఇటుకలను ఒకదాని మీద ఒకటి పేర్చి అడిగాడు. "ఆ పొట్లంలో ఏటున్నాది?"

"లడ్డూలు."

"ఇలా తే."

తిట్టలేదు. తిడితే బాగుండేది. తిట్టడానికి బదులు నన్ను ఊరికి పరిచయం చెయ్యడం మొదలెట్టాడు. టిఫిను బళ్ల దగ్గర, చేపల బజార్లో, ఇచ్ఛాపురం నుంచి వచ్చిన చుట్టాల ముందు, "ఈరే, మా కాపురం నిలబెట్టిన పెద్దమనిసి" అని నా భుజం మీద చెయ్యి వేసేవాడు. వివరం అడగనివాళ్లకు కూడా చెప్పేవాడు. నెలనెలా బిల్లు రాగానే మా గుమ్మంలోకి వచ్చి దాన్ని విసనకర్రలా ఊపేవాడు. "తమరు కలిపిన కాపురం సేమంగా ఉన్నాది బాబూ. బలిసింది కూడా."

ఒకసారి సిగ్గుపడి, "పోనీ మావా, గ్రైండరు మా ప్రెస్సులో పెట్టండి. నా మీటరు ఎలాగూ వ్యాపారం మీటరే. నేనే కట్టుకుంటాను" అన్నాను. మావకు నా మీద నిజంగా కోపం వచ్చింది అప్పుడొక్కసారే. "దీపాలార్పుకుని బతుకుతన్నాను గాని, ఒకడి దీపం కింద బతకలేదు" అని తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు.

డేటా సెంటర్ మీద ఊళ్లవాళ్లను అడుగుతామని వజ్రపుకొత్తూరు మండలంలో ఒక బడి మైదానంలో సభ పెట్టారు. షామియానా నాకు తెలిసినవాడిది, వెనక ఫ్లెక్సీ నాది, మైకు అందించే పని కూడా నాదే. అక్కుపల్లి నుంచి వచ్చిన పడవలవాళ్లు వేడినీళ్లు సముద్రంలోకి వదులుతారా అని అడిగారు. తోటలవాళ్లు బోర్లలో నీళ్లు మిగులుతాయా అని అడిగారు. చదువుకున్నవాళ్లు ఉద్యోగాలెన్ని అని అడిగారు. మావ వంతు వచ్చింది. మైకును వేడిగిన్నెలాగా తువ్వాలుతో పట్టుకున్నాడు.

"బాబూ, నాదొక్కటే మాట. మాకు ఇంకో మీటరు కావాలంటే పొయ్యి సూపించమన్నారు. సూపించినాం. ఈ అల్లుడుగారొచ్చి ఆర్పీసినాడు." చెయ్యి నా వైపు చాచాడు. మైదానమంతా నా వైపు తిరిగింది. ఆ కథ అక్కడిదాకా వచ్చిందని వాళ్ల నవ్వును బట్టి తెలిసింది. "బాగుంది. పేదోడికి మీటరివ్వాలంటే ఇన్ని సూత్తారు. మరి ఇప్పుడొచ్చే అంత పెద్దోడికి మీటరిచ్చినప్పుడు ఏటి సూత్తారు? ఆడి కోసం తీగలు లాగాల, తంబాలు పాతాల. ఆ కరుసు ఆడి బిల్లులో రాత్తారా, మాయావిడ గ్రైండరు బిల్లులో రాత్తారా? ఆ ఒక్కటీ సెప్పీయండి, బోజనాలకెల్దాం."

వేదిక మీది అధికారుల్లో ఒకాయన మర్యాదగానే చెప్పాడు, రేట్ల సంగతి తాము చెప్పేది కాదని, అది విద్యుత్ కమిషన్ తేల్చాలని.

"ఆ కమిసనుగారు వచ్చినారా?"

"రాలేదండి."

"అయితే నాను కూకుంతాను. ఆయనొచ్చినాక లేపండి."

అని వేదిక ముందే చాప మీద చతికిలబడ్డాడు. మోకాళ్ల నొప్పి వల్లేనని నాకు తెలుసు. వెనకవాళ్లకు తెలీదు. వాళ్లూ వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్లు కూర్చున్నారు. మర్నాడు పేపర్లో దాన్ని ధర్నా అన్నారు. మావ ఆ ముక్క నాచేత చదివించుకుని, "నడుం వాల్చుంటే ఏటి రాసీవోరో" అన్నాడు.

తిరిగి వస్తూ నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకున్నాడు. పడిపోయిన తోటల మధ్య కొత్త జీడిమొక్కలు మోకాలెత్తున ఉన్నాయి. నవ్వించే మాటేదో వస్తుందని చూస్తున్నాను. రాలేదు.

"బిల్లు పెరిగితే మీ అత్త ముందు ఏటి ఆపుతాదో తెలుసా అల్లుడా? నా ఫ్యాను ఆపదు. దీపం ఆపదు. గ్రైండరు ఆపీసుకుంతాది. తన వస్తువే ముందు ఆపుకుంతాది. అది తిరిగినంతసేపే మీ అత్త మనిసి. ఆగిందంటే మూల కూకుండిపోద్ది." కొంచెం దూరం పోయాక, "నానున్నన్నాళ్లు ఆగనివ్వను లే" అన్నాడు.

ఆగనివ్వలేదు. కిందటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం పిండి బకెట్లు దింపి, అరుగు మీద నడుం వాల్చి, లేవలేదు. కర్మలన్నీ అయ్యాక చుట్టాలు అత్త చుట్టూ చేరారు. ఇక బకెట్లు ఎవరు మోస్తారు, ఆ బిల్లు ఎవరు కడతారు, గ్రైండరు అమ్మేసుకో అన్నారు. అత్త తలూపింది. నేను చూస్తుండగానే ప్లగ్గు పీకి, తీగ చుట్టి, గ్రైండరు మీద పాతచీర కప్పింది. తర్వాత కొన్నాళ్లు ఎదురిల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, మా మిషను చప్పుడు నాకే సిగ్గనిపించింది. అత్త మూల కూర్చునే ఉంది.

డేటా సెంటర్ వస్తుందో రాదో ఇప్పటికీ తెలీదు. వచ్చినా రాకపోయినా మావ ప్రశ్నకు జవాబు మాత్రం రాలేదు. నేను రెండు రకాల ఫ్లెక్సీలూ వేస్తూనే ఉన్నాను.

మొన్న ఆ రెండూ ఆరాక, వాటిని చుట్టి పక్కన పెట్టి, ఇద్దరు మనుషులను తీసుకుని ఎదురింటికి వెళ్లాను. "అత్తా, మావ నన్ను ఊరూరా ఏడిపించి పోయాడు. మాటకు మాట చెప్పే అవకాశం ఒక్కసారీ ఇవ్వలేదు. ఇప్పుడు నేనొకటి చెయ్యబోతున్నాను, నువ్వు అడ్డు చెప్పకూడదు" అని, గ్రైండరు ఎత్తించాను. ఫ్లెక్సీల మిషను పక్కన చోటు చేశాను. మా ఆవిడ ముందే పప్పు నానబెట్టి ఉంచింది. నా తెలివి మీద ఆవిడకు మొదటిసారి నమ్మకం కలిగిన రోజు అది. టిఫిను బళ్లవాళ్లు ఇక్కడికే వచ్చి పట్టుకెళతామన్నారు.

అత్త వచ్చి గుమ్మంలో నిలబడింది. మా ప్రెస్సు మీటరు వంక చూసింది. అది కన్ను కొడుతూనే ఉంది.

"మీ మావ ఉంటే ఒప్పుకునీవోడు కాడు బాబూ."

"అందుకే గదా అత్తా" అని స్విచ్చి వేశాను.